తెడ్డుమూతి కొంగకు రెండో సాక్షి

కోదండపాణి కష్టం ఒక్కటే. అతను తెడ్డుమూతి కొంగను చూశాడు. చూశాడంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు.

మా ఉప్పలదిన్నెలో ఇది చిన్న కష్టం కాదు. ఆదివారం పొద్దున్నే మడుగు గట్టు మీద పిట్టల్ని చూసే సంఘం ఒకటి మాకుంది. భూమండలంలో ఇంత గొప్ప సంఘం ఇంకొకటి లేదని నేను బస్సుల్లో కూడా చెబుతుంటాను. దానికొక కట్టుబాటు ఉంది. ఒక్కరు చూసింది పిట్ట కాదు, ఇద్దరు చూస్తేనే పిట్ట. మా మడుగుకు ఎన్నడూ రాని పిట్టను ఎవరు చూపిస్తే, సంఘం బైనాక్యులర్ వాళ్ళ మెడలో పడుతుంది. ఇక ఏడాది పొడుగునా గట్టు మీద వాళ్ళే ముందు నడవాలి. వాళ్ళు ఆగితే అందరూ ఆగాలి. వాళ్ళు కూర్చుంటే అందరూ కూర్చోవాలి.

రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా కోదండపాణికి ఆ ముందు నడక మీదే ప్రాణం. ఆఫీసులో ఆఫీసరు వెనక, బజార్లో భార్య వెనక సంచులు మోస్తూ నడిచి నడిచి, ముందు నడిస్తే లోకం ఎలా కనిపిస్తుందో తెలియని మనిషి.

ఆ ఆదివారం సంఘం కంటే ముందే వచ్చాడు. తుంగ పక్కన కొంగ కనిపించింది. కనిపించడమే ఆలస్యం, "తెడ్డుమూతి! తెడ్డుమూతి!" అని అరుస్తూ గట్టెక్కి పరుగు తీశాడు. ఆ కేకకు మడుగులో పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. ఆకాశం కమ్ముకుపోయి ఊళ్ళో కోళ్ళు మళ్ళీ పడుకున్నాయి. సంఘం వచ్చేసరికి నీళ్ళలో ఒక గేదె మిగిలింది.

"ఇదేనా కోదండపాణిగారూ కొత్త పిట్ట?" అంది ఎస్తేరమ్మ టీచరు. ఆవిడ మా ప్రెసిడెంటు. రిటైరైంది గానీ గొంతులో బెత్తం ఇంకా రిటైరు కాలేదు.

"ఒట్టు టీచరుగారూ! ఈ కళ్ళతో చూశాను!"

"రెండో కళ్ళు ఎవరివి?"

"నావి!" అన్నాను నేను ముందుకొచ్చి. నిజంగానే చూశాను. గట్టు కింద వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాను అప్పుడు.

అందరూ ఘొల్లున నవ్వారు. సంఘంలో నా సాక్ష్యం చెల్లదు. గూడబాతు ఒకటి నా గొడుగు ఎత్తుకెళ్ళి, వానలు వెలిశాక మడిచి మరీ తెచ్చిచ్చిందని చెప్పినప్పటి నుంచీ చెల్లదు. ఇదంతా అసూయ. గొడుగు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

"నరసింగరావుగారూ, మీరు పక్కన చేరారంటే ఆయనకున్న ఒక్క సాక్ష్యం కూడా పోతుంది. కాస్త దూరంగా నిలబడండి," అంది టీచరు.

కోదండపాణి మొహం వాడిపోయింది. "ఇక ఈ గట్టు ఎక్కితే అడగండి!" అని దిగిపోయాడు. దిగి ఇంటికి పోలేదు. గట్టు చివర దర్గా దగ్గర ఉండే జాన్ సాహెబు దగ్గరికి పోయాడు. అతను దారిలో పడిపోతాడేమోనని వెంట నేనూ పోయాను.

జాన్ సాహెబు ఫకీరు. ఊరికి పిట్టల పిచ్చి అంటించింది ఆయనే. పిట్టల సంగతిలోనూ, తక్కిన సంగతుల్లోనూ కోదండపాణికి గురువు. ఆయన చూశానంటే టీచరు కూడా ఇంకో ప్రశ్న వేయదు.

"బాబా, మీరూ చూశానని ఒక్క మాట చెప్పండి. నా పరువు దక్కుతుంది."

"చూడందే ఎట్లా చెప్పేది బిడ్డా? నువ్వు చూశావు గదా, ఎట్లుందో చెప్పు," అని సాహెబు కళ్ళు మూసుకున్నాడు.

"నేను చీకటితోనే లేచాను బాబా. మా ఆవిడ వద్దన్నా వచ్చాను. నేను ఒక్కణ్ణే. నేను అలా తుంగ పక్కకి తిరిగానా..."

"దాని కాళ్ళు ఏ రంగు?"

కోదండపాణి తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

అతని అవస్థ చూడలేకపోయాను. "నేను చెబుతాను సాహెబుగారూ," అని అందుకున్నాను. ఎలా చెప్పాను! నేను నోట్లో వేపపుల్లతో రాతి విగ్రహంలా నిలబడిపోవడం, నా గుండె చప్పుడుకు మడుగులో అలలు లేవడం, కొంగ తిన్నగా నా దగ్గరికి నడిచొచ్చి, నన్ను ఎగాదిగా చూసి, తల వంచి వెనక్కి తగ్గడం! కాళ్ళు ఎర్రనివనీ, గోళ్ళు బంగారమనీ కూడా చెప్పాను.

సాహెబు కళ్ళు తెరవకుండానే అంతా విన్నాడు. గడ్డం మాత్రం సన్నగా కదిలింది.

"వచ్చే ఆదివారం నేనొస్తాలే బిడ్డా," అన్నాడు కోదండపాణితో.

అన్నట్టే వచ్చాడు. ముగ్గురం తుంగలో దాక్కున్నాం. నేనెంత కదలకుండా కూర్చున్నానంటే, ఒక తూనీగ నా ముక్కు మీద కాపురం పెట్టే ఆలోచనలో పడింది.

కొంగ వచ్చింది. ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా వచ్చి, నీళ్ళలో దిగింది.

కోదండపాణి సాహెబు మోచెయ్యి పట్టేసుకున్నాడు. "బాబా! అదిగో!"

సాహెబు కళ్ళు మూసుకున్నాడు.

"అయ్యో బాబా, ఇప్పుడా మూసుకోవడం! తెరవండి, పోతుంది!"

"అరిస్తే పోద్ది. చెప్పు."

"మీరు చూడాలి బాబా, లేకపోతే నా..."

"కాళ్ళు ఏ రంగు?"

కోదండపాణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గట్టు మీద దూరంగా సంఘం వస్తోంది. అతను సాహెబు మొహం చూశాడు, కొంగను చూశాడు. చేసేది లేక కొంగనే చూశాడు.

"నలుపు," అన్నాడు గుసగుసగా. "పూర్తిగా నలుపు బాబా. మోకాళ్ళ దాకా బురద."

"ముక్కు?"

"పొడుగ్గా ఉంది. చివర వెడల్పు, కొసన పసుపు. నీళ్ళలో పెట్టి అటూ ఇటూ తిప్పుతోంది. మా అమ్మ జావ కాచేటప్పుడు గరిటె తిప్పేది, అట్లా. అడుగంటుతుందేమోనని భయపడుతున్నట్టు..."

"ఊఁ."

"ఆగింది. ఏదో తగిలింది. చిన్న చేప. తల పైకెత్తి మింగింది. మెడ వెనక జుట్టుంది బాబా, గాలికి లేస్తోంది... మళ్ళీ తిప్పుతోంది..."

అతని గొంతు నీళ్ళ చప్పుడంత సన్నబడింది. నేను పక్కనే ఉన్నానని గుర్తుచేయడానికి దగ్గాను. తిరిగి చూడలేదు. కొంగా చూడలేదు.

ఇంతలో సంఘం వచ్చి వెనక చేరింది. ముందు తుంగ అడ్డం, ఎవరికీ ఏమీ కనిపించదు. ఎస్తేరమ్మ టీచరు వంగి, "సాహెబుగారూ, చూశారా?" అని అడిగింది.

"చూస్తున్నా."

"కళ్ళు మూసుకునా?"

"కోదండం చూపిస్తున్నాడు."

టీచరు కాసేపు కోదండపాణి గుసగుసలు వింటూ ఉండిపోయింది. తర్వాత బైనాక్యులర్ తీసి అతని మెడలో వేసింది.

జన్మంతా దానికోసం కలవరించిన మనిషి! మెడలో పడ్డ మరుక్షణం తీసి ఆవిడ చేతిలోనే పెట్టేశాడు. "ఇటు రండి టీచరుగారూ, వంగి రండి. ఇక్కణ్ణుంచైతే జుట్టు బాగా కనిపిస్తుంది," అని తన చోటు ఇచ్చి వెనక్కి జరిగాడు. ఆవిడ చూసింది. ఒకరి తర్వాత ఒకరు, అందరూ చూశారు. కొంగ జావ కలుపుతూనే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు కోదండపాణి అందరికంటే వెనక నడిచాడు. నేను సాహెబును పట్టుకున్నాను.

"ఇదేం న్యాయం సాహెబుగారూ? పోయిన ఆదివారమే ఈ కొంగను మీకు కళ్ళకు కట్టాను కదా! అప్పుడూ కళ్ళు మూసుకునే విన్నారు. ఏమీ కనిపించలేదా?"

"ఎందుకు కనిపించలేదు భాయ్, బాగా కనిపించింది."

"ఏం కనిపించింది?"

"నువ్వు. నిలువెత్తున."

ఆయన నోట అంత పెద్ద మెచ్చుకోలు ఉప్పలదిన్నెలో ఇంతవరకూ ఎవరూ పొందలేదు.