గానుగెక్కిన చదువు

చెక్కలపాలెంలో తెలివైన ఇల్లు ఏదని అడిగితే, పాలు తాగే పిల్ల కూడా దాలినాయుడి నూనెగానుగ వైపు వేలు చూపిస్తుంది. చూపిస్తూ ఎందుకు కిసుక్కున నవ్వుతుందో మాత్రం దాలినాయుడికి ఏనాడూ అంతుపట్టలేదు. 'మన తెలివి చూస్తే ఊరికి అంత ఆనందం!' అనుకుని మీసం దువ్వుకునేవాడు.

ఆ గానుగ అలాంటిలాంటి గానుగ కాదు. అది కిర్రుమంటే పక్క తాలూకా కోళ్ళు తెల్లారిందనుకుని కూసేవి. దాన్ని తిప్పే ఎద్దు గోపన్న నిలబడితే ఆ నీడలో పెళ్ళివారు బంతి భోజనాలకి కూర్చోవచ్చు. ఇక ఆ ఇంటి తెలివంటారా? కొత్త గొడుగు తడిసిపోతుందని దాన్ని చంకలో దాచుకుని, పైన కండువా కప్పి, జోరువానలో సంత నుంచి నడిచొచ్చిన ఇల్లు అది.

"మా ఇంట్లో బుర్రలు నాలుగు. మా అమ్మ అప్పయ్యమ్మది, మా ఆవిడ పార్వతాలుది, మా తమ్ముడు గవరయ్యది, నాది. మిగతా ఊరంతటికీ కలిపి ఒకటో అరో ఉండొచ్చు, కాదనను" అనేవాడు దాలినాయుడు.

అలాంటి ఇంట్లో ఒక్కగానొక్క పిల్ల ముత్యం. ఆ ముత్యానికి చదవడం రావట్లేదని బడి నుంచి కబురొచ్చింది.

దాలినాయుడు పరుగెత్తాడు. హైమావతి టీచరు కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"నాయుడుగారూ, ముత్యం చురుకైన పిల్లే. పుస్తకం చూస్తే మాత్రం నోరు పడిపోతుంది. వేసవి సెలవల ముందు ఒకటో తరగతి పిల్లలంతా ఊరి పెద్దల ముందు తలా ఒక పేజీ చదవాలి. చదివితే రెండులోకి. లేకపోతే మళ్ళీ ఒకటే."

ముత్యం తండ్రి చొక్కా పట్టుకుని వెక్కింది. "మల్లిక రెండులోకి పోతుంది నాన్నా. నేనొక్కదాన్నే చిన్నపిల్లల్లో కూచోవాలి."

దాలినాయుడి గుండె నువ్వుగింజంత అయిపోయింది. ఆ పిల్ల ఏడిస్తే ఆయనకి ముద్ద దిగదు.

"బెంగ పెట్టుకోకండి" అంటూ టీచరు ఆయన ఫోనులో ఏదో నొక్కి ఇచ్చింది. "ఇందులో చదువు నేర్పే పాఠాలున్నాయి, ఉచితం. ఒకావిడ అక్షరాలు చెబుతుంది, కథలు చూపిస్తుంది. ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలో కూడా చెబుతుంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చెయ్యండి. అంతే."

"చెప్పింది చెప్పినట్టేనా?"

"చెప్పింది చెప్పినట్టే."

"ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా?"

"కాకుండా."

పాపం, ఆ టీచరమ్మ ఊరికి కొత్త.

ఇంటికొచ్చి నాలుగు బుర్రలూ ఫోను చుట్టూ చేరాయి. చెక్కలపాలెంలో సిగ్నలు చుట్టం లాంటిది, ఎప్పుడో గానీ రాదు. ఫోనులో ఆవిడ లేదు, పాఠం లేదు. చిన్న గుండ్రటి చక్రం మాత్రం గిర్రు గిర్రున తిరుగుతోంది.

తరతరాలుగా గానుగ తిప్పిన వంశం. చూడగానే పట్టేశారు.

"ఒరే అన్నయ్యా! ఇది గానుగరా!" అన్నాడు గవరయ్య.

"గానుగే! చదువుని లోపల ఆడిస్తున్నారు" అన్నాడు దాలినాయుడు. "మరి ఎద్దేదీ?"

"ఎద్దు లేకుండానే తిరుగుతోంది పాపం, ఒట్టి గానుగ" అంది పార్వతాలు. "అందుకే చుక్క రావట్లేదు."

ఇంకేముంది! ఫోనుని తీసుకెళ్ళి గానుగ దూలానికి తాడేసి కట్టారు. గోపన్న కళ్ళకి గంతలు కట్టి, హెయ్ అన్నారు. అప్పయ్యమ్మ పరుగున వచ్చి ఫోను కింద ఇత్తడి గిన్నె పట్టుకుని దూలంతో పాటే నడిచింది.

"గిన్నె ఎందుకమ్మా?"

"పాఠం దిగితే నేల పాలవదూ? కాస్త బుద్ధుండాలి!"

చిత్రమేమిటంటే, గోపన్న సగం చుట్టు తిరిగి గడ్డివాము దగ్గరికి రాగానే సిగ్నలు తగిలింది. ఫోనులో ఆవిడ చక్కగా బొట్టు పెట్టుకుని ప్రత్యక్షమైంది. "అ... అమ్మ" అంది. గోపన్న రెండడుగులు వేసేసరికి మళ్ళీ చక్రం.

"దిగింది! మొదటి చుక్క దిగింది!" అని దాలినాయుడు ఎగిరి గంతేసిన గంతుకి గానుగ పాక మీది తాటాకు లేచి పక్కవాళ్ళ పెరట్లో పడింది.

అప్పటి నుంచి చుట్టుకో అక్షరం. గోపన్న ముందు, ఫోను వెనక, దాని వెనక ముత్యం, ముత్యం వెనక గిన్నెతో నాన్నమ్మ. గడ్డివాము రాగానే "ఆ... ఆవు" అని ఆవిడ అనడం, "ఆ... ఆవు" అని ముత్యం అనడం, మళ్ళీ చుట్టు. పిల్ల గొంతు విప్పింది! దాలినాయుడు కళ్ళు తుడుచుకున్నాడు.

అక్షరాల మధ్యలో ఆవిడ ఇంట్లోవాళ్ళకీ ఓ మాట వేసింది. "ఇంట్లో కనిపించే ప్రతిదాని మీదా పేరు రాసి అంటించండి. పిల్లలు చూసి చదువుతారు."

అంతే. దాలినాయుడు చీటీలు రాయడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా రాసిన గుమ్మడికాయంత అక్షరాలు. పార్వతాలు నువ్వులు గానుగాడగా మిగిలిన తెలగపిండి నానబెట్టి జిగురు కలిపింది. గోడకి 'గోడ', చెంబుకి 'చెంబు', గిన్నెకి 'గిన్నె'. అప్పయ్యమ్మ నుదుటి మీద 'నాన్నమ్మ'. గవరయ్య వీపు మీద 'బాబాయ్'. గోపన్న ముట్టె మీద 'ఎద్దు'. ఎగిరే ఈగ ఒక్కటే మిగిలింది. దాని కోసం గవరయ్య చీటీ పట్టుకుని ఊరంతా తిరిగొచ్చాడు.

తెలగపిండంటే గోపన్నకి ప్రాణం. వాసన తగలగానే బారెడు నాలుక చాపి తన ముట్టె నాకేసింది. చీటీ నాలుకకి అంటింది. ఆ నాలుకతోనే పక్కనున్న గవరయ్య వీపు బరబరా నాకింది. నాలుక తీసేసరికి గవరయ్య వీపు మీద 'ఎద్దు', గోపన్న ముట్టె మీద 'బాబాయ్'.

నాలుగు బుర్రలూ దగ్గర చేరాయి.

"అన్నయ్యా, ఏం రాసుంది నా వీపు మీద?" అన్నాడు గవరయ్య.

"ఎద్దని ఉంది తమ్ముడూ."

"నువ్వు రాసిందేనా?"

"నా దస్తూరీయే."

గవరయ్య పెద్ద నిట్టూర్పు విడిచాడు. "రాశాక ఇంకేం చేస్తాం. పద, కట్టు."

అంతే, గవరయ్యని గానుగకి కట్టారు. గంతలు కట్టారు. గోపన్నని ఇంట్లోకి తీసుకెళ్ళి, పీట వేసి, అరిటాకులో అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించారు. పార్వతాలు కొసరి కొసరి వేసి, "ఇవాళ మరిది ఆకుతో సహా తినేశాడండీ! ఎన్నాళ్ళకి నా వంట నచ్చింది!" అని మురిసిపోయింది.

"నాన్నా! అది గోపన్న! ఇది బాబాయ్!" అని ముత్యం గగ్గోలు పెట్టింది.

"నీకింకా చదవడం రాదు తల్లీ. అందుకే అలా కనిపిస్తోంది" అన్నాడు దాలినాయుడు లాలనగా.

ముత్యం చీటీ పీకబోయింది. నాన్నమ్మ కెవ్వుమంది. "అమ్మమ్మో! అక్షరమంటే సరస్వతే! చింపితే ఉన్న చదువూ పోద్ది!"

"పోనీ ఇంకో చీటీ రాసివ్వు నాన్నా."

దాలినాయుడు కలం తీశాడు. సరిగ్గా అప్పుడే గవరయ్య గడ్డివాము దగ్గరికి లాక్కొచ్చాడు. ఫోనులో ఆవిడ పలికింది. "ఇక మీదట చీటీలు మీరు రాయకండి. పిల్లల చేతే రాయించండి."

దాలినాయుడు కలం జేబులో పెట్టేశాడు. చెప్పింది చెప్పినట్టే.

"అయితే నువ్వే రాయాలి ముత్యం" అన్నాడు గవరయ్య గంతల కింద నుంచి. "తొందరగా నేర్చుకో తల్లీ, మెడ లాగేస్తోంది."

అప్పుడు చూడాలి ఆ పిల్ల పట్టుదల! బాబాయ్ ఒక చుట్టు లాగడం, పిల్ల ఒక అక్షరం పట్టడం.

"ఏం వచ్చిందమ్మా?"

"క వచ్చింది బాబాయ్."

"బ ఇంకెంత దూరం?"

"చాలా ఉంది బాబాయ్. గడ్డి తిన్నావా?"

"తిన్నానమ్మా. ఉప్పు తక్కువ."

అలా లాగగా లాగగా, గానుగ చుట్టూ మోకాలి లోతు కాలవ పడగా, ఒకనాడు గడ్డివాము దగ్గర ముత్యం కేక పెట్టింది. "బ వచ్చింది బాబాయ్!"

గవరయ్య కాడితో సహా చిందులేశాడు. "రాసెయ్! రాసెయ్!"

"దీర్ఘం రావాలి బాబాయ్. అది ఇంకా ముందుంది."

"దీర్ఘం ఎందుకమ్మా! ఉత్త బబయ్ అని పిలిచినా పలుకుతాను!"

కానీ ముత్యం తప్పు రాయనంది. గుణింతం దాకా లాగించింది. ఆఖరికి నాలుక బయటపెట్టి, వంగి, వంకర టింకరగా అయినా, బాబాయ్ అని తనంతట తాను రాసి, తెలగపిండి పూసి, గవరయ్య వీపుకి అంటించింది.

నాలుగు బుర్రలూ మళ్ళీ చేరాయి. దాలినాయుడు వేలు పెట్టి చదివాడు. "ఎద్దు... బాబాయ్."

"రెండూ రాసున్నాయి. ఏది కాదంటాం?" అంది అప్పయ్యమ్మ.

అంతే, తీర్పు అయిపోయింది. గవరయ్యకి పొద్దున్న గానుగ, రాత్రికి అరిటాకు. పక్క ఆకు దగ్గర గోపన్న. దాని ముట్టె మీదా రాసుందాయె!

ఇక కథలు మొదలయ్యాయి. "కథ చదివేటప్పుడు పదం కింద వేలు పెట్టండి" అంది ఆవిడ. దాలినాయుడు ఫోను అద్దం మీద పదం కింద వేలు పెట్టాడు. పేజీ సర్రున జారిపోయింది. మళ్ళీ పెట్టాడు. కథ మధ్యలోకి పోయింది. మూడోసారి కప్ప పెళ్ళి కథకి బదులు ఏనుగు తద్దినం వచ్చింది.

"అక్షరాలకి గిలిగింత ఎక్కువలా ఉంది" అంది పార్వతాలు. "కింద పెట్టమంది గదా, కిందే పెట్టు."

ఆమె తెలివికి మెచ్చి, దాలినాయుడు ఫోను అడుగున వేలు పెట్టి, పిల్ల వెనకే వంగి నడిచాడు. ముత్యం చదివింది. ఒక్కో పదం కూడబలుక్కుని, తర్వాత గబగబా, తర్వాత గానుగ పాటలా. కప్ప పెళ్ళి మొత్తం చదివేసింది!

సెలవల ముందు రోజు రానే వచ్చింది. బడి ఆవరణలో కుర్చీలు, ఊరి పెద్దలు, మధ్యలో బల్ల. మల్లిక చదివింది, చప్పట్లు. "ముత్యం!" అని పిలిచింది టీచరు.

ముత్యం కప్ప పెళ్ళి కథ పుస్తకం పట్టుకుని నిలబడింది. నోరు తెరిచింది. మాట రాలేదు.

"చదువమ్మా" అంది టీచరు. ఎవరో నవ్వారు. ముత్యం కళ్ళ నిండా నీళ్ళతో తండ్రి వైపు చూసింది.

దాలినాయుడి బుర్ర వెలిగింది. నిలబెట్టేస్తే ఎలా? గానుగ తిరక్కుండా ఎక్కడైనా నూనె దిగుతుందా?

"తమ్ముడూ!" అన్నాడు.

గవరయ్య అప్పటికే జేబులోంచి గంతలు తీస్తున్నాడు. కట్టుకుని, నడుం వంచి, ఊరి పెద్దల కుర్చీల చుట్టూ బయల్దేరాడు. వెనక ముత్యం. ముత్యం వెనక, పుస్తకం అడుగున వేలు పెట్టి, వంగి దాలినాయుడు. ఒక చుట్టు అయింది. ఏమీ లేదు. రెండో చుట్టులో పిల్ల పెదవి కదిలింది.

"అనగనగా ఒక కప్ప. ఆ కప్పకి పెళ్ళి కుదిరింది..."

ఆ గొంతు! బడి గంట దానంతటదే మోగిందంటే నమ్మండి! పేజీ చదివింది, వెనక పేజీ చదివింది, పుస్తకం అట్ట మీద ధర కూడా చదివి ఆగింది. ఊరి పెద్దలు తలలు తిప్పీ తిప్పీ మెడలు పట్టేసి, ఆ పట్టేసిన మెడలతోనే చప్పట్లు కొట్టారు.

హైమావతి టీచరు నవ్వుకీ ఏడుపుకీ మధ్య ఎక్కడో నిలబడి, 'రెండో తరగతి' అని రాసిన చీటీ పిల్ల గౌను మీద జిగురుతో అంటించింది.

అలసిపోయిన ముత్యం తండ్రి వీపు మీదే నిద్రపోయింది. ఇల్లు చేరేసరికి ఆ చీటీ గౌను వదిలి దాలినాయుడి చొక్కాకి అతుక్కుంది. ఆ మంచిరోజు చొక్కాని ఆయన మడిచి పెట్టెలో దాచుకుని, సెలవలయ్యాక బడి తెరిచే రోజున మళ్ళీ తొడుక్కున్నాడు.

"నాన్నా, నీ వీపు మీద రెండో తరగతి అని ఉంది!" అని గడగడా చదివింది ముత్యం.

దాలినాయుడు మెడ తిప్పి వీపు చూసుకోబోయాడు. "సరిగ్గా చదివావా తల్లీ?"

"సరిగ్గానే చదివా."

ఇంకేముంది! టీచరు తరగతిలోకి వచ్చేసరికి ముందు బెంచీ మీద ముత్యం, మల్లిక, వాళ్ళిద్దరి మధ్య మోకాళ్ళు చెవులకి తగిలేలా ముడుచుకుని దాలినాయుడు.

"నాయుడుగారూ! మీరేమిటిక్కడ?"

"రాసుందండి టీచరమ్మగారూ" అని వీపు తిప్పాడు వినయంగా.

"అయ్యో, ఆ చీటీ తీసెయ్యండి!"

"అమ్మమ్మో! సరస్వతి!"

టీచరు నుదురు పట్టుకుని కూర్చుంది. "సరే... పిల్లలూ, మొదటి పాఠం తియ్యండి. ముత్యం, నువ్వు చదువు" అంది.

ముత్యం లేచింది. నోరు తెరిచింది. తండ్రి వైపు చూసింది.

"తమ్ముడికి ఇవాళ గానుగ పనుందండి. ఈ పూటకి నేను తిరుగుతాను" అంటూ దాలినాయుడు కండువా తీసి కళ్ళకి గంతలు కట్టుకున్నాడు. టీచరు బల్ల చుట్టూ బయల్దేరాడు. వెనక ముత్యం, ముత్యం వెనక మల్లిక, మల్లిక వెనక ఒక్కొక్కరే లేచి తరగతి తరగతంతా. పాఠం గడగడా మోగిపోతోంది. నడిమధ్యన, గానుగలో రోకలిలా, హైమావతి టీచరు.

సరిగ్గా అప్పుడు గుమ్మంలోంచి కేక వినిపించింది. నుదుటి మీద 'నాన్నమ్మ' చీటీ, చంకలో 'గిన్నె' అని రాసిన గిన్నె, పరుగు పరుగున వస్తోంది అప్పయ్యమ్మ.

"ఒరే దాలినాయుడూ! ఇంతమంది తిరుగుతుంటే చదువెంత దిగుతుందిరా! కింద ఏమీ పెట్టకుండా నేల పాలు చేస్తున్నారేమర్రా!" అని, ఆ గిన్నె తీసుకెళ్ళి టీచరమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది.