ఆచారి మోసిన రాతపెట్టె

ఊరూరా తిరిగి రైతుల అర్జీలు రాసే లేఖకుల కోసం రాజుగారు కొత్త రాతపెట్టెలు చేయించదలిచారు. ఆస్థాన శిల్పి విరూపాచారి ఒక పెట్టె తయారుచేసి భటుడి చేత సభకు మోయించుకొచ్చాడు. దానికి ఇత్తడి సింహాలు, పెద్ద అద్దం, రాళ్లు పొదిగిన మూత!

"లేఖకులను అడిగే చేశావా?" అన్నారు రాజుగారు.

"వాళ్లనేం అడుగుతాం ప్రభూ? వాళ్లకేం కావాలో నాకు తెలియదా!"

సభలో ఉన్న లేఖకుడు గవరయ్య పెట్టెను ఎగాదిగా చూశాడు. రేపటినుంచి దాన్ని మోయాల్సింది తన వీపే. అతను ముందుకొచ్చి దండం పెట్టాడు.

"మహాప్రభూ! ఆచారిగారు ఈ పెట్టె వీపున కట్టుకుని పొద్దుగూకేలోగా ఎంత బంజరు చుట్టి వస్తే, అంతా ఆయనకే ఇప్పించండి."

రాజుగారు నవ్వి సరేనన్నారు. ఆచారి సంబరంగా బయల్దేరాడు. కోట దాటేసరికి బరువు మోయలేక పెట్టె దించాడు. ముందు సింహాలను ఊడబెరికాడు. కాస్త దూరం పోయాక అద్దం దించేశాడు. ఆఖరికి మూత మీది రాళ్లు కూడా పీకి పారేసి, హాయిగా పరుగందుకున్నాడు.

పొద్దుగూకే వేళకు రొప్పుతూ, నవ్వుతూ తిరిగొచ్చాడు. వీపు మీద తేలికైన చెక్కపెట్టె మిగిలింది.

"ఇదేమిటి ఆచారీ?" అన్నారు రాజుగారు.

"మాకు కావలసిన పెట్టె, ప్రభూ! ఆచారిగారే స్వయంగా చేసి తెచ్చారు" అన్నాడు గవరయ్య.

సభంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది, కొత్త భూస్వామి విరూపాచారే.