కాళ్లు ఒత్తిన గురువు

"చుట్టుపక్కల పన్నెండు ఊళ్లలో నా అంత కష్టపడే పహిల్వాను లేడు" అన్నాడు అసిరయ్య, బస్కీలు తీస్తూనే. అనేసి, కిందికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునుకు తీశాడు.

పైడయ్య గురువుగారు కుస్తీ నేర్పే తాలింఖానాలో ఇది కొత్త కాదు. నిరుడు కుస్తీలో అసిరయ్య ఓడినప్పుడు గుంపులో ఎవడో అన్నాడు: "తిని తొంగునేవోడు ఏటి గెలుస్తాడు?" ఆ మాట ముల్లులా దిగిపోయింది. అప్పట్నించీ చాప మీద వాలితే చాలు, దొంగతనం చేస్తున్నట్టు గుండె దడ. పగలూ రాత్రీ కసరత్తే. కళ్లు చింతనిప్పులయ్యాయి గానీ, పట్టు మాత్రం రోజురోజుకీ సడలిపోతోంది. ఈసారీ ఓడితే ఇక గోదాలో దిగనని ఒట్టు కూడా పెట్టుకున్నాడు. ఆ పోటీ రేపే.

మధ్యాహ్నం గురువుగారు చాప పరిచారు. "పడుకో."

"రేపు కుస్తీ పెట్టుకుని ఇవాళ పడకేటి గురువుగారూ? పాపం తగులుద్ది."

ఆయన అతని భుజం పట్టి పడుకోబెట్టి, అరచేతిలో నువ్వుల నూనె పోసుకుని, శిష్యుడి కాళ్లు ఒత్తడం మొదలుపెట్టారు.

అసిరయ్య తేలు కుట్టినట్టు లేచి కూర్చున్నాడు. "అయ్యబాబోయ్, మీరు నా కాళ్లు ఒత్తడమేటి."

"నువ్వు నిద్రపోయేదాకా ఒత్తుతాను. నాకు డెబ్బై ఏళ్లు. ఎంతసేపు ఒత్తమంటావో నీ ఇష్టం."

ఇక చేసేదేముంది? అసిరయ్య గబగబా కళ్లు మూసుకుని గురక అందుకున్నాడు.

"దొంగనిద్రలో కాలి బొటనవేళ్లు నిక్కి ఉంటాయిరా" అన్నారు గురువుగారు, నూనె గిన్నె దగ్గరికి లాక్కుంటూ.

మర్నాడు గోదా చుట్టూ ఇసకేస్తే రాలని జనం. గురువుగారు ముందు వరసలో కూర్చున్నారు. కుడి చెంప బూరెలా పొంగి ఉంది, దాని మీద పసుపు పట్టు. ఏమైందని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అవతలి పహిల్వాను అసిరయ్య నడుం పట్టి అమాంతం పైకెత్తాడు. అసిరయ్య కంగారు పడలేదు. ఒళ్లు వదులు చేసి, కొర్రమీనులా ఆ చేతుల్లోంచి జారి, కాలు మెలేసి వాణ్ణి వెల్లకిలా పడేశాడు. డప్పులు మోగాయి. జనం అతన్ని భుజాలకెత్తుకుని, మూడు చుట్లు తిప్పి, గురువుగారి ముందు దించారు.

"ఎన్ని వేల బస్కీలు తీశావురా నిన్న?" అని అడిగాడు గుంపులో ఒకడు.

అసిరయ్య తల గోక్కున్నాడు. "బస్కీలు కాదు. నిన్న మధ్యాహ్నం పడుకుని ఇవాళ పొద్దున్న లేచాను." గురువుగారి వైపు ఓరగా చూశాడు. "మధ్యలో ఒకపాలి మెలకువొచ్చింది. నిద్దట్లో గురువుగారి చెంప మీద తన్నేశాను. ఆయన చెంప పట్టుకుని కూచున్నారు."

"మరి నువ్వేం చేశావు?"

"చూశాను. అటు తిరిగి మళ్లీ పడుకున్నాను."

గురువుగారు చెంప తడుముకున్నారు. "అప్పుడే అనుకున్నాను, గెలుస్తాడని."