రెండొందల పదిహేడో ఫోన్

పొద్దున్న తొమ్మిదింటికే ప్రత్యూష గైడ్ గది ముందు నిలబడింది. నిలబడిందనడం అబద్ధం, ఆ పిల్ల కాళ్లు ఒకచోట నిలవడం లేదు. చేతిలో లాప్‌టాప్, చంకలో ఫైలు, మొహం నిండా నవ్వు. సాయంత్రం అయిదుకి ఫెలోషిప్ దరఖాస్తు గడువు ముగుస్తుంది. ఇక కావలసింది గైడ్ దానియేలు మాస్టారి సంతకం ఒక్కటే.

ఆ ఫెలోషిప్ వస్తే మూడేళ్లు దిగుల్లేకుండా పరిశోధన చేసుకోవచ్చు. రాకపోతే వచ్చే నెల ఏదో ఒక ఉద్యోగంలో చేరక తప్పదు, పీహెచ్‌డీ అటకెక్కుతుంది. కిందటేడు ఎంపికైన వాళ్లందరి ప్రోగ్రాములకీ కచ్చితత్వం తొంభై అయిదు శాతం పైనే వచ్చిందని కేంపస్‌లో చెప్పుకుంటున్నారు.

మాస్టారు తాళం తీస్తుండగానే అందుకుంది.

"సార్, తొంభై ఆరు వచ్చింది."

ఆమె తయారుచేసింది ఒక కృత్రిమ మేధ. తుఫాను హెచ్చరిక ఫోన్లకి చేరాక ఏ ఇంటివాళ్లు ఎంతసేపట్లో షెల్టర్‌కి బయల్దేరతారో, ఎవరు కదలరో అది ముందే చెబుతుంది. అది తెలిస్తే బస్సులు ముందు ఎటు పంపాలో అధికారులు తేల్చుకోవచ్చు. పోయిన నెల సముద్రం ఒడ్డున మొగపాలెంలో ఉత్తుత్తి తుఫాను హెచ్చరికతో మాక్ డ్రిల్ జరిగింది. ఊళ్లోవాళ్లు సరేనంటే నాలుగొందల ఫోన్లు ఎటెటు కదిలాయో రాసుకుని, ఆ వివరాలతోనే దానికి చదువు చెప్పింది. నూటికి తొంభై ఆరుసార్లు అది సరిగ్గా చెబుతోంది. అలాంటి అంకె చూస్తే ఎవరికైనా ఒళ్లు పొంగుతుంది మరి.

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. ఆయన చదివే తీరే వేరు. చివరి పేజీలో చిన్న అక్షరాల దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తారు.

"పాడైన ఫోన్లు పందొమ్మిది తీసేశానని రాశావు. పాడైనవని ఎలా తెలిసింది?"

"షెల్టర్ దాకా వెళ్లి వెనక్కొచ్చి, మళ్లీ వెళ్లి, మళ్లీ వచ్చాయి సార్. ప్రాణభయం ఉన్నవాళ్లెవరూ అలా తిరగరు కదా. రెండుసార్లకి మించి వెనక్కి తిరిగితే ప్రోగ్రామే పక్కన పెట్టేస్తుంది. అవి తీశాకే తొంభై ఒకటి కాస్తా తొంభై ఆరయింది."

మాస్టారు సంతకం పెట్టలేదు. ఆ పందొమ్మిదిలో ఒకదాని మీద వేలు పెట్టారు. రెండొందల పదిహేడో నంబరు. ఊరికీ షెల్టర్‌కీ మధ్య పదకొండుసార్లు తిరిగిన ఫోను.

"ఇది ఎవరిదో చూసొద్దాం, పద."

"ఇప్పుడా సార్? అయిదింటికి గడువు."

"అందుకే తొందరగా వెళ్దాం."

మాస్టారి పాత కారులో గంటన్నర ప్రయాణం. దారి పొడుగునా ప్రత్యూష టైము చూసుకుంటూనే ఉంది.

జాబితాలో చూస్తే ఆ ఫోను మొగపాలెంలో నూకరత్నం అనే ఆవిడది. ఇసకలో పట్టా పరిచి నెత్తళ్ల చేపలు ఎండబెట్టుకుంటోంది. అడగ్గానే బొడ్లోంచి ఫోను తీసి చూపించింది. తడవకుండా పాలిథిన్ కవరు చుట్టి ఉంది. నిక్షేపంలా పనిచేస్తోంది.

"డ్రిల్ రోజు అన్నిసార్లు ఎందుకు తిరిగారండీ?" అని అడిగింది ప్రత్యూష.

"తిరక్కపోతే ఎవరొత్తారమ్మా? ఫోన్లో మెసేజొచ్చిందని లేచెల్లిపోతారేటి? పెళ్లికైనా తుపానుకైనా గడపకాడికొచ్చి పేరెట్టి పిలవాల. మా ఈదికి ఇదివరకు మా అత్త పిలిసేది. ఇప్పుడు నేను."

మాస్టారు చెప్పులు విడిచి పట్టా పక్కన కూర్చున్నారు. "ఆ రోజు తిరిగినట్టే ఈ పిల్లని వెంటబెట్టుకుని ఓసారి తిరగమ్మా. నెత్తళ్ల మీద కాకులు వాలకుండా నేను చూస్తుంటాను" అన్నారు. ప్రత్యూష వైపు తిరిగి, "నీ ఫోను కూడా ఎటెటు కదిలిందో రాసుకునేలా పెట్టుకో" అన్నారు.

మొదటి రెండు తిరుగుళ్లూ ప్రత్యూష విసుక్కుంటూనే నడిచింది. మూడోసారికి ప్రశ్నలు మొదలయ్యాయి. ఇదే గుమ్మానికి మళ్లీ వచ్చామేంటి అంటే నూకరత్నం వేళ్లు ముడిచి చెప్పింది.

"పెంటయ్య తాత మొదటిసారి 'వత్తాలే' అంటాడు. రెండోసారి 'కూడు తినేసొత్తాను' అంటాడు. మూడోసారి చెయ్యట్టుకుంటేనే లేత్తాడు. ఆ పచ్చ తలుపు ఇంటామె ముందు మేకల్ని తోలుకెల్తేగానీ కదల్దు."

అయిదో తిరుగుడుకి ప్రత్యూషే ముందు నడుస్తోంది. ఎవరి తర్వాత ఎవరో ఆమెకే నోటికొచ్చేసింది. గుమ్మాల్లోంచి జనం నవ్వుతూ, "వత్తన్నాంలేమ్మా" అంటున్నారు. పదకొండూ పూర్తయ్యేసరికి రెండు దాటింది. చెమటతో ముద్దయిపోయింది, టైము చూసుకోవడం మర్చేపోయింది.

మాస్టారు తాటాకుతో కాకుల్ని అదిలిస్తున్నారు.

"నీ ఫోను వివరం కూడా అందులో వేసి చూడు."

బోర్లించిన బుట్ట మీద లాప్‌టాప్ పెట్టి వేసింది. రెండు క్షణాల్లో ఎర్రటి వరుస వచ్చింది.

పాడైన ఫోన్. తొలగించబడింది.

ఆ మాట తను రాసిందే. రాసిన రోజు గుర్తుంది కూడా. ప్రత్యూష ఇసకలో చతికిలబడి ఆ వరుసని మళ్లీ చదివింది.

"ఏటయిందమ్మా?" అంది నూకరత్నం.

"మీ ఫోన్‌లాగే నాదీ పాడైపోయిందంటండి." వెంటనే నవ్వొచ్చింది, నవ్వుతూనే లేచి నిలబడింది. "సార్, పందొమ్మిది మంది. వీధికొకరు. తుఫానొచ్చినప్పుడు కబురు ముందు వెళ్లాల్సింది వీళ్లకి. ప్రతి ఊళ్లోనూ ఉంటారు సార్, మనం వెతికి పట్టుకోవచ్చు."

మళ్లీ కూర్చుని తీసేసిన పందొమ్మిదినీ పట్టికలో చేర్చింది. పరిశోధన లక్ష్యం అన్నచోట పాత వాక్యాలన్నీ కొట్టేసి కొత్తవి రాసింది. వేళ్లు ఆగడం లేదు. శాతం గడి దగ్గరికొచ్చాక మాత్రం ఆగాయి.

తొంభై ఆరు చెరిపి తొంభై ఒకటి అని కొట్టింది. టైము మూడున్నర. సంతకమైతే ఫొటో తీసి ఇక్కణ్ణుంచే ఆన్‌లైన్‌లో పంపేయొచ్చు. ఫైల్లోంచి సంతకం కాగితం తీసి, ఇవ్వకుండా పట్టుకుంది.

"తొంభై ఒకటికి ఫెలోషిప్ ఇస్తారా సార్?"

మాస్టారు చేతికంటిన ఉప్పూ ఇసకా దులుపుకుని జేబులోంచి పెన్ను తీశారు.

"సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నారు.