ఓడిపోయాక ఏం చేస్తారు?

అనగా అనగా, దూరాన ఓ రాజ్యం ఉందర్రా. ఆ రాజుకీ రాణికీ లేక లేక పుట్టిన కొడుకు జయపాలుడు. పిల్లాడు సరిగ్గా పాలైనా తాగకముందే పేరుకి జయం తగిలించేశారు. పెద్దయ్యాక పక్క రాజుగారి ఐదో కూతురు నాంచారితో పెళ్ళి చేశారు. ఐదుగురు ఆడపిల్లలున్న ఇంట్లో దువ్వెనకి కూడా యుద్ధమే. నాంచారి గెలిచిన రోజులున్నాయి, జుట్టూడేలా ఓడిన రోజులూ ఉన్నాయి.

ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?

తాళి కట్టాక బిందె ఆట పెట్టారు. నీళ్ళ బిందెలో ఉంగరం వేస్తారు, ఇద్దరూ చేతులు పెట్టి వెతకాలి. దొరికినవాళ్ళది గెలుపు. నాంచారి తల్లి ముందే చెవిలో ఊదింది, దొరికినా వదిలెయ్యవే, మగపిల్లాడు చిన్నబుచ్చుకుంటాడు అని. వింటేగా! చెయ్యి పెట్టింది, తిప్పింది, ఉంగరం పైకి తీసి "నాదే!" అని అరిచింది.

ఒక్కరూ నవ్వలేదు. సన్నాయి ఆగింది, డోలు ఆగింది, రాణి చేతిలో అక్షింతల పళ్ళెం జారిపడింది. నాంచారి తెల్లబోయి మొగుడి వంక చూసింది. మీసాలొచ్చిన మనిషి, ఖాళీ చెయ్యి చూసుకుంటూ గజగజ వణికిపోతున్నాడు! లేచాడు, గదిలోకి వెళ్ళాడు, గడియ పెట్టుకున్నాడు.

తెల్లారింది, తలుపు తియ్యలేదు. పొద్దు గుంకింది, తియ్యలేదు. అన్నం వద్దు, నీళ్ళు వద్దు, మాట వద్దు. వైద్యుడు కిటికీలోంచి చూసి, ఇలాగే ఉంటే ప్రాణానికే ముప్పన్నాడు.

అందరూ నాంచారి మీద పడ్డారు. "ఏమమ్మా, ఆ ఉంగరం నీళ్ళలో వదిలేస్తే కొంపలు మునిగేవా?" అంది మొగుడి మేనత్త. చూశారా? వాడికి ఓడడం నేర్పనిది వీళ్ళు, తప్పు మాత్రం నిన్న వచ్చిన కోడలిది!

నాంచారి ఏడుస్తూ కూర్చోలేదు. మొగుడితో చదువుకున్న సేనాపతి కొడుకుని పట్టుకుంది. మా ఆయన ఎప్పుడూ ఓడలేదా అని అడిగింది. పరుగుపందెంలో కూడా ఒక్కరూ దాటలేదన్నాడు. ఎందుకు దాటలేదు? దాటితే గురువుగారు తంతారన్నాడు. గురువుగారూ గురువుగారూ, ఎందుకు తంతారు? రాణిగారు ఊరుకోరన్నాడు. రాకుమారుడు లెక్క తప్పు చేస్తే, జవాబుకి తగ్గట్టు లెక్కనే మార్చేవాణ్ణని కూడా చెప్పాడు, అదేదో ఘనకార్యంలా! అత్తయ్యా అత్తయ్యా, ఎందుకు ఊరుకోరు? రాజుగారు తట్టుకోలేరంది. మావయ్యా మావయ్యా, ఎందుకు తట్టుకోలేరు?

రాజు తల దించుకున్నాడు. చిన్నప్పుడు పాఠం తప్పితే వాళ్ళ నాన్న ఏనుగుల సాలలో కట్టేయించి, నౌకర్లందర్నీ పిలిచి నవ్వమనేవాడట. నా కొడుక్కి ఆ గతి పట్టకూడదని ఓటమినే గడప తొక్కనివ్వలేదమ్మా అన్నాడు. అంత పెద్ద రాజూ పసిపిల్లాడిలా వెక్కాడు.

నాంచారికి సంగతి అర్థమైంది. ఓడితే శిక్షించినవాడొకడు, ఓడనివ్వనివాడొకడు. ఇద్దరూ నేర్పింది ఒకటే, ఓడితే ఇక బతుకే లేదని.

బిందె మళ్ళీ తెప్పిస్తాను, ఈసారి ఉత్తినే చేతులు తిప్పమ్మా అని రాజు బతిమాలాడు.

"నేను తిప్పుతాను సరే మావయ్యా. రేపు యుద్ధానికొచ్చే శత్రువు తిప్పుతాడా?"

వెళ్ళి ఆ కిటికీ కింద కూర్చుంది. నీతులు చెప్పలేదు, బతిమాలలేదు. చాలాసేపటికి లోపల్నించి సన్నగా వినిపించింది.

"ఓడిపోయాక ఏం చేస్తారు?"

ఎగతాళేమో అనుకుంది. కాదర్రా, నిజంగానే అడుగుతున్నాడు! శాస్త్రాలన్నీ చదివిన మనిషికి ఇది తెలియదు!

"ఏడుపొస్తే ఏడుస్తారండీ."

"తరవాత?"

"ఆకలేస్తుంది. అన్నం తింటారు."

"ఎవరూ నవ్వరా?"

"ఎందుకు నవ్వరు? మా అక్కలు పడీపడీ నవ్వేవాళ్ళు. కాసేపటికి వాళ్ళకీ ఆకలేసి లోపలికి పోయేవాళ్ళు."

అప్పుడు మొదలైంది చూడండి ఏడుపు, పుట్టినప్పట్నించీ దాచుకున్నదంతా! రాణి పరుగున వచ్చి ఊరుకోబెట్టబోయింది. నాంచారి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడవనివ్వండి అత్తయ్యా. మగాళ్ళకీ కళ్ళున్నాయి."

గడియ తీశాడు. నాలుగు ముద్దల పెరుగన్నం తిన్నాడు.

దాంతో అంతా బాగైపోయిందనుకునేరు! మళ్ళీ గడియ పెట్టుకున్న రోజులూ వచ్చాయి. వైద్యుడు వస్తూనే ఉన్నాడు. మీరు పెంచింది సరిచెయ్యడం నా ఒక్కదాని పనా అని నాంచారి అత్తమామల్ని కూడా మొగుడి పక్కన కూర్చోబెట్టింది. బడిలోనూ పద్ధతి మారింది. తప్పుని తప్పనే చెప్పాలి, చెప్పి బెత్తం మాత్రం తియ్యకూడదు.

ఓ సాయంత్రం పిల్లలు చెడుగుడు ఆడుతుంటే జయపాలుడూ దిగాడు. కూతకెళ్ళాడో లేదో, ఓ బక్కపిల్ల కాలు పట్టి బొక్కబోర్లా పడేసింది. అందరూ బిగుసుకుపోయారు. జయపాలుడు లేచాడు, దుమ్ము దులుపుకున్నాడు, గీత బయట కూర్చున్నాడు.

"మళ్ళీ ఎప్పుడు దిగొచ్చురా?" అని పక్కవాణ్ణి అడిగాడు.

"మనవాళ్ళు అవతలివాణ్ణొకణ్ణి పట్టగానే."

"సరే," అని కాళ్ళు చాపుకుని ఆట చూస్తూ కూర్చున్నాడు.

ఆ రాజ్యంలో అందరూ సుఖంగా ఉన్నారు. గెలవడం ఎవరైనా నేర్పుతారర్రా. ఓడి వచ్చినవాడికి కూడా కంచం పెట్టే ఇల్లు కావాలి.

కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరదాం పదండి.