గండు మెడలో మొద్దు

అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం ఓబుళయ్యస్వామికి ఈ జన్మలో చేతకాలేదు. నల్లమల అంచున ఉన్న ఆయన ఆశ్రమంలో శిష్యులంతా దీనికి అలవాటు పడిపోయారు. సోమలింగం మాత్రం పడలేదు. ఆ పొద్దున అతను ఏకంగా మూట కట్టుకునే వచ్చి గురువుగారి ముందు కూర్చున్నాడు.

"కాలు నిలవడం లేదు స్వామీ. జపానికి కూర్చుంటే చాలు, కొండ మీదికి రమ్మని ఎవరో పిలుస్తున్నట్టే ఉంటుంది. ఏ గుహలోనో పడి తపస్సు చేసుకుంటాను. ఇది నిజంగా పిలుపేనా, లేక ఇక్కడి చాకిరీ తప్పించుకోవడమా? అదొక్కటి తేల్చండి, ఈ పూటే వెళ్ళిపోతాను."

స్వామి వేపపుల్ల నములుతూ, పాకలో అరుస్తున్న దూడవైపు చూశాడు. సోమలింగానికి ఒళ్ళు మండిపోయింది. పాపం, అతనికి కంటినిండా నిద్రపట్టి ఎన్నాళ్ళయిందో!

అంతలో గొర్రెల కాపరి కురువ బీరప్ప కుక్కను లాక్కుంటూ వచ్చాడు. దాని మెడలో ఇంత లావు తుమ్మమొద్దు వేలాడుతోంది. పరిగెత్తబోతే కాళ్ళకు కొట్టుకుంటుంది. దారి తప్పిన కుక్కను నిలపడానికి కాపరులు చేసే పని అది.

"మా గండు సెడిపోయినాడు సామీ! నా సేతి సంగటి తిని పెరిగినోడు. ఇప్పుడు కొండమీద ఆ అడివికుక్కలు, రేచుకుక్కలు, ఈలేస్తే సాలు, వాటితో పోతాండాడు. అడివి మరిగిన కుక్క రేపు ఆ గుంపునే మంద మీదికి తోలకొస్తాదని మావోళ్ళు సంపేయమంటాండారు. నాకు సేతులాడక మొద్దు కట్టినా. ఓ తాయెత్తు గట్టి వీని మనసు తిప్పు సామీ!"

"మరి మందకు కాపలా ఎవరు?"

"అదే గదా! నిన్న నక్కొచ్చి గొర్రెపిల్లనెత్తుకపాయ. వీడు ఉరకబోయి బోర్లా పడి ఏడ్సినాడు సామీ. నా పేగులు తెగినట్లాయె."

"సోమలింగం, ఆ మొద్దు విప్పు."

"అయ్యయ్యో! విప్పితే పోతాడు సామీ!"

"పోతే మీవాళ్ళకు చంపడానికి దొరకడు కదరా!" అన్నాడు స్వామి.

సోమలింగం ముడి విప్పాడు. తాడు కింద మెడంతా పచ్చిపుండు. సరిగ్గా అప్పుడే కొండ మీద రేచుకుక్కలు ఈల వేశాయి. సోమలింగం 'పో, పో!' అని లోలోపలే కుక్కను తరిమాడు. అది ఒక్క దూకులో అడవిలో పడితే అదే తనకు జవాబనుకున్నాడు.

గండు లేచి ఒళ్ళు విదిల్చుకుంది. కొండవైపు చూసి మూలిగింది. తర్వాత గబగబా దిగి, వాగు పక్కన మేస్తున్న మంద దగ్గరికి పోయింది. వాగు దాటిపోతున్న గొర్రెనొకదాన్ని మళ్ళించుకొచ్చింది. రోజూ సాయంత్రం దొడ్డికి తోలేటప్పుడు చేసినట్టే మందను ఒక చుట్టు చుట్టింది. తిరిగొచ్చి బీరప్ప అరచెయ్యి నాకింది. ఈల మళ్ళీ వినబడింది. ఈసారి గండు ఆగలేదు, కొండెక్కిపోయింది.

"పాయ! నా గండు పాయ!" బీరప్ప నేలమీద కూలబడి తువ్వాలులో మొహం దాచుకున్నాడు. "మందను సుట్టబెట్టే పాయ గదా సామీ!"

సోమలింగం కళ్ళు తుడుచుకుని మూట భుజాన వేసుకున్నాడు. "తెలిసింది స్వామీ. దానికి వచ్చిందీ పిలుపే, నాకు వచ్చిందీ పిలుపే. సెలవిప్పించండి" అని వంగి దండం పెట్టాడు.

స్వామి నోరు పుక్కిలించి ఉమ్మేశాడు.

"వెళ్ళు నాయనా, ఎవరు వద్దన్నారు? కానీ నువ్వు తల్లి దగ్గరికి విడవాల్సిన దూడ ఇందాకటి నుంచీ పాకలో అరుస్తోంది. అది వినబడలేదూ?"