సింగరాజు చెప్పిన మూడో జవాబు

ప్రశ్న సగం వినగానే చెయ్యెత్తుతావే, నిన్నే అంటున్నాను. చెయ్యి దించి ఈ కథ చివరిదాకా విను. నీలాంటివాడి కథే.

చింతలదుర్గం రాజు ప్రతాపరాయలకు కొలువులో ఉపన్యాసాలు విని విని విసుగెత్తింది. కోట సేవల అధికారి పదవి ఖాళీ కాగానే ఒక వింత పరీక్ష పెట్టాడు. మూడు ప్రశ్నలు. ఒక్కోదానికి నాలుగు జవాబులు. సరైన జవాబు అంకె చెప్పాలి, అంతే.

పోటీకి ఇద్దరే నిలిచారు. ఒకరు కొలువులో పెద్దమనిషి సింగరాజు. రెండోవాడు కోటలో నీళ్ళ పని చూసే తిప్పన్న.

పరీక్షనాడు పొద్దున తిప్పన్న స్నానానికి నీళ్ళు పోస్తుంటే సింగరాజు కళ్ళు మూసుకుని గొణుగుతున్నాడు. "మూడు, ఒకటి, నాలుగు. మూడు, ఒకటి, నాలుగు."

"ఇదేం జపమండీ?"

"నీకెందుకురా? సాయంత్రానికి నేను అధికారిని. నువ్వు మూట సర్దుకో. నీ చోటికి మావాడొకడు వస్తున్నాడు."

తిప్పన్నకు అర్థమైంది. ప్రశ్నల తాటాకు రాసిన లేఖకుడు సింగరాజు బావమరిదే. పదహారేళ్ళ కొలువు పోతుందని అతనికి గుండె జారింది గాని, చేతిలో చెంబు జారలేదు. సాక్ష్యం లేకుండా ఒకరి మీద నేరం మోపడం తగదు. అందుకని రాజు దగ్గరికి వెళ్ళి ఒక్కటే అడిగాడు.

"మహాప్రభూ, ప్రశ్నలు అవే ఉంచండి. జవాబులు మాత్రం కింది నుంచి పైకి చదవండి."

"ఎందుకు?"

"వినేవాడెవడో, వినకుండా చెప్పేవాడెవడో తేలుతుంది."

సభ తీరింది. రాజు తాటాకు తీసి చదివాడు.

"రాణివాసంలో స్నానానికి నీళ్ళు ఆగిపోయాయి. ముందుగా ఏం చెయ్యాలి? ఒకటి, గొట్టం పగలగొట్టిందెవరో విచారించాలి..."

"మూడు, ప్రభూ," అన్నాడు సింగరాజు.

"ఇంకా చదవలేదే."

"నా అనుభవానికి అంత చాలు."

రాజు మిగతాది చదివాడు. "రెండు, పక్క బావి నుంచి బిందెలతో తెప్పించాలి. మూడు, కొత్త బావి తవ్వాలి. నాలుగు, రాజుకు లేఖ రాయాలి."

సింగరాజు మీసం తడుముకున్నాడు. "బావి అయితే శాశ్వతం కదా, ప్రభూ."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"నలభై రోజులు."

"అన్నాళ్ళూ రాణిగారు ఏం చెయ్యాలి?"

రాజు రెండోవాడి వైపు తిరిగాడు.

"తిప్పన్నా, నువ్వు చెప్పు."

"రెండు, మహాప్రభూ. విచారణా చెయ్యాల్సిందే, లేఖా రాయాల్సిందే. కాని తమరు అడిగింది ముందుగా ఏం చెయ్యాలని." తిప్పన్న ఇంకో మాట కలిపాడు.

"ఒంటినిండా సున్నిపిండితో కూర్చున్నవారికి దోషి పేరెందుకండీ?"

సభ గొల్లుమంది. రాజూ నవ్వాడు.

"తక్కిన రెండింటికీ సింగరాజుగారు చెప్పబోయేది నేనే చెబుతాను," అన్నాడు తిప్పన్న. "ఒకటి, నాలుగు. పొద్దున నీళ్ళు పోస్తూ విన్నాను."

రాజు తాటాకు వైపు చూశాడు. రాసిన వరసలో సరైన జవాబులు మూడు, ఒకటి, నాలుగు. లేఖకుడు అప్పటికే కాళ్ళ మీద పడి ఉన్నాడు.

పదవి తిప్పన్నకు దక్కింది. సింగరాజు తన జవాబు తానే అమలు చెయ్యాలన్నాడు రాజు. పలుగు చేతికిచ్చారు. బావమరిది మట్టి మోశాడు. నలభై మూడు రోజులు పట్టింది.

ఉప్పునీళ్ళు పడ్డాయి.